మామ్మగారు తలుచుకున్న అరెకరం

ఈ మధ్య మా వీధి చివర స్థలం కొలవడానికి ఒక సర్వేయరమ్మాయి వచ్చింది. చేతిలో పొడుగాటి కర్ర, దాని తలమీద బోర్లించిన గిన్నెలాంటి పరికరం. కర్ర నిలబెట్టడం, ఫోనులాంటి దానిమీద వేలు నొక్కడం, ఇంకో మూలకి వెళ్ళడం. అరుగుమీద నా టీ చల్లారేలోపు నాలుగు మూలలూ అయిపోయాయి. నేనూ ముప్ఫై ఏళ్ళు ఇదే పని చేశానని చెబితే ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి, "మీ కొలత గొలుసుల కాలంలో తప్పులెక్కువ వచ్చేవాండీ?" అని అడిగింది.

"కొలతల్లో తక్కువేనమ్మా," అన్నాను.

మరి దేంట్లో ఎక్కువని ఆ అమ్మాయి అడగలేదు. ఇంకో ఊరు వెళ్ళాలట, బండెక్కి వెళ్ళిపోయింది. అడిగితే అక్కడే చెప్పి ఉండేవాణ్ణి. అడగలేదు కనుక రాస్తున్నాను. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరినవాళ్ళు ఒకరిద్దరు చదివినా చాలు.

నాది బండారులంక. మా నాన్న మగ్గం నేసేవారు. మా ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం చేసిన మొదటివాణ్ణి నేనే. పెళ్ళయిన నాలుగో ఏడు నా భార్య జబ్బుచేసి పోయింది. పిల్లల్లేరు. బదిలీల కాలం వస్తే మిగతావాళ్ళు ఎవరినో పట్టుకుని అమలాపురం చుట్టుపక్కలే ఉండిపోయేవారు. నన్ను ఎక్కడికి వేస్తే అక్కడికి వెళ్ళేవాణ్ణి. అలా ఒకసారి గౌతమి ఒడ్డునున్న ఒక మండలానికి వెళ్ళాను. పేరు చెప్పను. కొత్తపేటకి మరీ దూరం కాదనుకోండి, చాలు.

సర్వేయరు ఉద్యోగంలో ఉండే ఒంటరితనం గురించి ట్రైనింగులో ఎవరూ చెప్పరు. ఊళ్ళో అడుగుపెట్టగానే తగువులో ఉన్న ఇద్దరూ ఎదురొస్తారు. ఇద్దరూ "ముందు మా ఇంటికి రండి, కాఫీ తాగుదురుగాని" అంటారు. ఎవరింట్లో తాగినా సాయంత్రానికి హద్దు అటు జరిగిందంటారు. అందుకని నేను సీసాతో నీళ్ళు, డబ్బాలో అన్నం పట్టుకెళ్ళి ఏ కొబ్బరితోటలోనో ఓ పక్కన కూర్చుని తినేవాణ్ణి. గెలిచినవాడు తన భూమి తనకొచ్చిందనుకుంటాడు గాని మనవల్ల వచ్చిందనుకోడు. ఓడినవాడు మాత్రం మనవల్లే పోయిందనుకుంటాడు. ఏళ్ళతరబడి తిరిగాక నాకు కొన్ని వందల ఇళ్ళ హద్దులు తెలుసు. ఒక్క ఇంట్లో కూడా వంటగది ఎటుందో తెలియదు.

తోడంటే మా చైన్‌మన్ గారు ఒక్కరే. భూమి కొలిచే గొలుసు రెండో కొస పట్టుకోవడం ఆయన పని. నాకంటే పదేళ్ళు పెద్ద, రిటైరవడానికి ఇంకో ఏడాది ఉందేమో. మాట తక్కువ. ఒప్పుకున్నా "ఆయ్" అనేవారు, ఒప్పుకోకపోయినా "ఆయ్" అనేవారు. ఒప్పుకోని ఆయ్ కొంచెం సాగేది. ఆ తేడా కనిపెట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది. కనిపెట్టాక కూడా ఒకసారి పట్టించుకోలేదు.

ఆ మండలంలో ఏటి మధ్య ఒక లంక ఉండేది. దాన్ని పూల లంక అందాం, అసలు పేరు వేరు. నేను వెళ్ళడానికి ముప్ఫై ఏళ్ళ ముందు, భూమి లేని కూలి కుటుంబాలకి అక్కడ అరెకరం చొప్పున పట్టాలిచ్చారు. ఇచ్చిన కొన్నేళ్ళకే వరసగా రెండు మూడు పెద్ద వరదలొచ్చి లంకని కోసేశాయి. భూమి ఏట్లో కలిసిపోయింది, పట్టా కాగితాలు ట్రంకుపెట్టెల్లో మిగిలాయి. తరవాత్తరవాత ఏట్లో మళ్ళీ మేట పడింది, లంక లేచింది, ఎవరెవరో సాగు మొదలెట్టారు. దాన్నీ పూల లంకే అన్నారు. మేము పాటించే పద్ధతి ఏమిటంటే, కోతకి పోయిన పట్టా భూమి అదే చోట మళ్ళీ తేలితే పాత పట్టాదారుకే చెందుతుంది. వేరేచోట తేలితే అది కొత్త భూమి, పాతవాళ్ళకి సంబంధం లేదు. తగువంతా "అదే చోట" అన్న రెండు మాటల్లో ఉంటుంది.

అర్జీ పెట్టింది ఒక మామ్మగారు. డెబ్బై దాటిన మనిషి. ఏటిగట్టు మీద రేకుల ఇల్లు, ఒక మేక. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు కలగలేదు. ఆవిడతోపాటు పట్టాలు పుచ్చుకున్నవాళ్ళలో కొందరు చనిపోయారు. కొందరి పిల్లలు టీచర్లూ నర్సులూ అయి ఊళ్ళు మారారు. అరెకరం కోసం మళ్ళీ వచ్చి ఆఫీసు మెట్లెక్కే పని వాళ్ళకి లేదు. ఈవిడ ఒక్కరే మిగిలారు.

విచారణకి వెళ్తే నాకు కుర్చీ వేసి, తను గుమ్మంలో కూర్చుని ఏటివైపు చెయ్యి చాపారు. దిగువన, ఏటి మధ్యలో అరటితోటలతో పచ్చగా లంక.

"అదేనండి బాబూ నా భూమి. ఇరవయ్యేళ్ళ నుంచి ఇక్కడ కూచుని దాన్నే చూస్తన్నాను."

"గుర్తులేమైనా చెప్పగలరా మామ్మగారూ?"

"ఎందుకు చెప్పలేనండీ? లంక ఎగువ కొస కొడవలిలాగ ఒంపు తిరిగుంటదండి. ఒంపు దాటగానే మాదేనండి. పొగాకేసేవోళ్ళం. తెల్లారేసరికి చేలో ఉండేవోళ్ళమండి. నడుం నొప్పెట్టి లేచి నిలబడితే అవతలొడ్డున చర్చి గోపురం, దాని పక్కనించి సూర్యుడు పైకొచ్చేవోడు. గోపురం వంక చూసి ఒక మాట అనుకుని మళ్ళీ ఒంగేవోళ్ళం."

"ఏమనుకునేవారండీ?"

"అది కూడా రాస్తారేటండీ కాయితంలో?" అని నవ్వేశారు.

ఇలాంటి విచారణకి ఒక్కసారి వెళ్తే చాలు. నేను నాలుగుసార్లు వెళ్ళాను. దారిలోదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, అన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను కూర్చోబెట్టి పనిలేని మాటలు మాట్లాడిన మనిషి ఆవిడ ఒక్కరే. పొగాకు ఆకు కొట్టిన రోజుల్లో చేతులకి పట్టిన జిగురు ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదని, అన్నం కలుపుకుంటే చేదొచ్చేదని, భార్యాభర్తలిద్దరూ ఆ చేదన్నం తింటూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారని చెప్పేవారు. నేను గదికొచ్చి పొయ్యి వెలిగించుకుంటుంటే ఆ చేను నా కళ్ళకి కట్టేది. ఎవరి భూమీ నాకు అంతకుముందు అలా కనిపించలేదు.

ఒక రోజు తెల్లవారకుండానే చైన్‌మన్ గారితో కలిసి పడవలో లంకకి వెళ్ళాను. రేవులో దిగి చూద్దును కదా, ఎగువ కొసన కొడవలి ఒంపు. ఒంపు దాటి నిలబడితే అవతలి ఒడ్డున చర్చి గోపురం. చూస్తూండగానే సూర్యుడు ఆ గోపురం పక్కనుంచి లేచాడు. ఆవిడ మనసులో ఉన్నదాన్ని తెచ్చి నా ముందు పరిచినట్టనిపించింది.

తిరిగొస్తుంటే పడవలో చైన్‌మన్ గారు నెమ్మదిగా అన్నారు.

"బాబుగారూ, ఆ పట్టాలిచ్చిన్రోజు గొలుసు పట్టింది నేనేనండి. కొత్తగా చేరేను అప్పుడు. పంచె పైకి కట్టుకుని పాయ దాటేం. మోకాల్లోతు నీళ్ళండి. పడవెక్కిన గుర్తు లేదు."

"ముప్ఫై ఏళ్ళయింది కదండీ. లోతు పెరిగి ఉంటుంది."

"ఆయ్…" అన్నారాయన, సాగదీసి.

పట్టాలిచ్చినప్పటి సర్వే పటం ఆఫీసులో ఉంది. మడతల దగ్గర చిరిగిపోయింది గాని చదవడానికి వస్తుంది. దాని ప్రకారం గట్టు దగ్గరున్న పాత సర్వేరాయి నుంచి కొలుచుకుంటూ వెళ్ళాలి. గట్టు ఎత్తు పెంచినప్పుడు ఆ రాయి మట్టికింద పడిపోయిందని అందరూ అన్నారు. వెతకాలంటే ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. గుర్తులన్నీ సరిపోయాక రాయెందుకు అనుకున్నాను. భూమి అదే చోట తేలిందని రిపోర్టు రాశాను. రాసేటప్పుడు చాలా సంతోషంగా ఉన్నాను. ఉద్యోగంలో నేను సంతోషంగా రాసిన రిపోర్టు అదొక్కటే, తప్పు రాసిన రిపోర్టూ అదొక్కటే.

నెల తిరక్కుండా హద్దులు వెయ్యమని కాగితం వచ్చింది. ఆ జాగాలో అరటి సాగు చేస్తున్నది నలభై ఏళ్ళ మనిషి. అది ఇసక దిబ్బగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న దిగి, పేడా ఆకూ మోసి నేల చేశాడు. వాళ్ళకీ ఇంకెక్కడా సెంటు భూమి లేదు. తోట గెలలేసి ఉంది. ఇంకో నెలన్నర ఆగితే పక్వానికొస్తాయి.

"కోతయ్యేదాకా ఆగండి బాబుగారూ," అన్నాడు.

"నేను హద్దులు వేసి వెళ్ళిపోతానండీ. కోత సంగతి పైవాళ్ళతో మాట్లాడుకోండి."

హద్దు వెయ్యాలంటే ఈ మూల నుంచి ఆ మూల కనపడాలి. మధ్యలో అరటి వరస అడ్డంగా ఉంది. కొట్టించమన్నాను. కూలీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు ఆ రైతే వచ్చి కత్తి అందుకున్నాడు.

"వాళ్ళకి తెలీదండి. గెల కింద పడితే నలిగిపోద్ది," అని, ఒక చేత్తో గెలని ఒడిసి పట్టుకుని ఇంకో చేత్తో చెట్టు నరికి, గెలని మెల్లిగా ఆకులమీద పడుకోబెట్టాడు. తరవాత రెండోది. అలా పదమూడు చెట్లు. లేత కాయలు. కూరకి కూడా సరిగ్గా పనికిరానివి.

చివరి చెట్టయ్యాక మొహం తుడుచుకుంటూ అడిగాడు.

"ఇది మామ్మగారిదని మీకెలా తెలిసిందండీ?"

ఒంపు సంగతి చెప్పాను. గోపురం చూపించాను.

అతను అటు చూశాడు. "ఆ గోపురం కట్టి పన్నెండేళ్ళండి. దానికి ఇసక ఈ రేవు నుంచే ఎళ్ళింది. పడవలోకి నేనే ఎత్తేను. పాత చర్చి ఇంకా పైకండి, ఎగువూళ్ళో. దాని గోపురం ఎప్పుడో తీసేసేరు."

కోపంగా అనలేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు చెప్పాడు. చైన్‌మన్ గారు గొలుసు చుట్టడం ఆపి నావైపు చూశారు. నేను పుస్తకం సంచిలో పెట్టుకుని, "ఎండెక్కింది, బయల్దేరదాం," అన్నాను. ఇన్నేళ్ళకీ తలుచుకుంటే సిగ్గేసేది చెట్లు కొట్టించినందుకు కాదు. అది తెలియక చేశాను. తెలిశాక ఆ మాట అని పడవెక్కినందుకు.

ఆ ఆదివారం అమలాపురంలో మా మరదలి కూతురి ఓణీల వేడుక. మరదలంటే నా భార్యకి చెల్లెలు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే పోలిక. గుమ్మంలోనే ఎదురొచ్చి, "బావగారూ, ఇంత చిక్కిపోయేరేంటండీ?" అంది. గదిలో ఒక్కణ్ణీ కూర్చుని రోజూ నేను తలుచుకునే మొహం ఎదురుగా ఉంది. చెంపల దగ్గర రెండు తెల్లవెంట్రుకలు, కొంచెం బరువెక్కిన గడ్డం. పోయేనాటికి నా భార్యకి ఇరవై ఆరేళ్ళు. ఆమెకి తెల్లవెంట్రుకలెక్కడివి? పెళ్ళిళ్ళలో పేరంటాల్లో చెల్లెల్ని చూసి చూసి, నా మనసులో అక్క మొహం చెరిగిపోయి ఈ మొహం వచ్చి కూర్చుంది. అది ఎప్పుడు జరిగిందో కూడా నాకు తెలియదు.

వెళ్ళి బంతిలో కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఎవరిని తలుచుకున్నట్టు? దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు తల వంచుకుని కూర్చున్నాను. చాలాసేపటికి కొంచెం తేరుకున్నాను. బొమ్మ మారింది, నిజమే. కానీ నేను కాపురం చేసింది ఆమెతో. ఆస్పత్రిలో పట్టుకున్న చెయ్యి ఆమెది. నా దిగులు పుట్టింది అక్కడ. ఇప్పుడది ఎవరి మొహం తగిలించుకున్నా, ఆమె కోసం పడ్డ దిగులే. పోలికలు సరిపోయాయని మరదలు నా భార్య అయిపోదు.

ఆ మాట అనుకోగానే లంక గుర్తొచ్చింది. మామ్మగారి మనసులో ఏ బొమ్మ ఉందో అడిగాను. ఆ బొమ్మ పట్టుకెళ్ళి దానికి సరిపోయే చోటు వెతికాను. అసలు ఆవిడ కాళ్ళు తిరిగిన నేల ఎక్కడుందని అడగలేదు. అది ఆవిడ మనసులో వెతికితే దొరికేది కాదు. పైగా ఇరవై ఏళ్ళు రోజూ ఆ కొత్త లంకని చూస్తూ కూర్చున్న మనిషికి, ఏ ఒంపు అప్పటిదో ఏ ఒంపు ఇప్పటిదో ఎలా తెలుస్తుంది? నాకు నా భార్య మొహమే తెలియలేదు.

మజ్జిగ దాకా ఆగకుండా లేచి బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే చైన్‌మన్ గారి ఇంటికి వెళ్ళాను. అన్నాళ్ళ పరిచయంలో అదే మొదటిసారి. ఆయన పళ్ళు తోముకుంటున్నారు.

"రాయి వెతుకుదామండీ," అన్నాను.

"ఆయ్," అన్నారు. పొట్టిది.

ఆరు రోజులు వెతికాం. పటంలో ఒక పాత తూము గుర్తు ఉంది. దాని ఇటుకలు గట్టు అడుగున మూడోరోజు బయటపడ్డాయి. అక్కణ్ణుంచి కొలిచి గునపాలతో పొడుచుకుంటూ వెళ్ళాం. ఆరోరోజు మధ్యాహ్నం గునపం ఖంగుమంది. చైన్‌మన్ గారు మోకాళ్ళమీద కూర్చుని చేతులతో మట్టి తోడారు. రాయి తలమీద చెక్కిన బాణం గుర్తు చెక్కుచెదరలేదు. ఆయన దాన్ని కాసేపు బొటనవేలితో తుడుస్తూ ఉండిపోయారు.

రాయి నుంచి పటం చెప్పినట్టు గొలుసు వేసుకుంటూ వెళ్ళాం. అది మమ్మల్ని పడవరేవుకి తీసుకెళ్ళలేదు. గట్టు దిగి, ఎగువకి తిరిగి, మనిషెత్తు రెల్లులోకి తీసుకెళ్ళింది. దాటాల్సిన పాయ అక్కడ లేదు, ఎప్పుడో పూడిపోయింది. ఏరు తూర్పుకి జరిగిపోయి, కోసేసిన చోటే మళ్ళీ మేట వేసి, పాత లంకని ఈ ఒడ్డుకి అతికించేసింది. ఊళ్ళో దాన్ని రెల్లుదిబ్బ అనేవారు. లంక అని ఎవరికీ తట్టలేదు. చుట్టూ నీళ్ళు లేవు కదా. అరటితోటల లంక మైలు దిగువన కొత్తగా పుట్టింది. మరి పేరెలా మారిందని పడవ నడిపే ముసలాయన్ని అడిగితే, ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూశాడు.

"పూల లంక పడవ ఏ రేవులో ఆగితే అదే పూల లంకండి."

మామ్మగారి అరెకరం నాలుగో మూల దగ్గర గొలుసు ఆగింది. రెల్లు పక్కకి తీసి చూస్తే అక్కడొక గుంజ, గుంజకి కట్టేసిన మేక. మామ్మగారి మేకే. రోజూ ఆవిడ దాన్ని అక్కడే కట్టేసి వెళ్ళేవారు.

చైన్‌మన్ గారు మేకని చూసి, నన్ను చూసి, గొలుసు కింద పెట్టి కూర్చుండిపోయారు.

ఆఫీసులో మా పై అధికారి రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని, "ఇదీ మీ రాతే, అదీ మీ రాతే. దేన్ని నమ్మమంటారండీ?" అన్నారు. నాదగ్గర సంజాయిషీ తీసుకున్నారు. అది న్యాయమే. అరటి రైతుకి నేనే వెళ్ళి చెప్పాను, తోట అతనిదగ్గరే ఉంటుందని. నరికిన మోడుల పక్కన వచ్చిన పిలకలకి మట్టి ఎగదోస్తున్నాడు.

"మీరు అబద్ధం రాసేరని నేననుకోలేదు లెండి," అన్నాడు.

"నిజం కూడా రాయలేదు కదండీ."

అతను వంగి మళ్ళీ పనిలో పడిపోయాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. అడగలేదు.

ఆ తరవాత జరగాల్సినవన్నీ నెమ్మదిగా జరిగాయి. రెల్లుదిబ్బలో ఆ అరెకరం మామ్మగారి పేరుకే వచ్చింది, చైన్‌మన్ గారు రిటైరయ్యారు, నాకు ఇంకో మండలానికి బదిలీ అయింది. అవన్నీ కాగితాల మీద ఉంటాయి. కాగితాల మీద లేనిది, ఆవిడకి చెప్పడానికి వెళ్ళిన రోజు సంగతి.

చైన్‌మన్ గారిని తోడు తీసుకెళ్ళాను. ఆవిడ ఎప్పటిలాగే గుమ్మంలో కూర్చుని లంకవైపు చూస్తున్నారు.

"మామ్మగారూ, మీ భూమి ఉందండీ. కానీ అది కాదు."

"ఏది కాదండీ?"

"మీరు చూస్తున్నది. అది కొత్తగా పుట్టిన లంకండీ. మీది ఇటుంది. రెల్లుదిబ్బ."

ముందు నవ్వారు. "ఏళాకోళమాడకండి బాబూ. అది దిబ్బండి. రోజూ మేకని కట్టేసొస్తాను."

రాయి దొరికిన సంగతి చెప్పాను. పటం పరిచాను. ఆవిడ పటం వైపు చూడలేదు. చైన్‌మన్ గారి వైపు చూశారు.

"మీరేనాండీ ఆవేళ గొలుసు పట్టుకొచ్చింది?"

"ఆయ్, నేనేనండి. మీ ఆయనగారు మాకు ముంజెలు కొట్టిచ్చేరు."

ఆ మాటతో ఆవిడ నమ్మారు. కళ్ళు మాత్రం లంక మీదే ఉన్నాయి, అలవాటు కొద్దీ.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఎవరి భూమిని చూసి ఏడ్చినట్టండీ?"

దారిపొడుగునా నేను భయపడుతూ వచ్చిన ప్రశ్న అదే. నాకు తోచింది చెప్పాను.

"చూసింది వాళ్ళదండీ. ఏడ్చింది మాత్రం మీదాని కోసమే."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "అంత తేలిగ్గా తెగదండి అది. వానొస్తే అది తడుస్తందని నాకు సంతోషంగా ఉండేది. వరదకి ఎర్రనీళ్ళొస్తే అది మునిగిపోద్దని మోకాళ్ళేసి ప్రార్థన చేసేదాన్ని. అది, అని ఏలుపెట్టి చూపిచ్చి మరీ అడిగేదాన్నండి దేవుణ్ణి. ఆ ప్రార్థనలన్నీ ఎటెళ్ళినట్టండీ?"

చైన్‌మన్ గారు నేల చూస్తూ నిలబడ్డారు.

ఆవిడే మళ్ళీ అన్నారు. "ఆళ్ళ అరటికి తగిలుంటాయి లెండి. తగిలితే తగిలేయి, మంచిదే." అని, ఏదో గుర్తొచ్చినట్టు నా మొహంలోకి చూశారు. "చెట్లు కొట్టించేరంట కదా. నా మాట మీదేనా?"

"కాదండీ. నా రాత మీద."

"మాట నాదేగా," అన్నారు.

తరవాత లేచి, చెయ్యి గోడకి ఆనించి నిలదొక్కుకుని, "పదండి, చూపించండి," అన్నారు.

గట్టు దిగి రెల్లులోకి వెళ్ళాం. ఆవిడ రోజూ నడిచే కాలిబాటే. అయినా ఆ రోజు పరాయి ఇంట్లోకి వెళ్తున్నట్టు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, అడుగు చూసుకుని వేస్తూ నడిచారు. మేక మమ్మల్ని చూసి అరిచింది. చైన్‌మన్ గారు నాలుగు మూలలూ చూపించారు. ఆవిడ మధ్యలో నిలబడి చుట్టూ చూశారు. రెల్లు తప్ప ఏమీ కనపడదు. ఏరు కూడా కనపడదు.

"ఏటీ గుర్తు రావట్లేదండి," అన్నారు.

వంగి గుప్పెడు మట్టి తీసి వేళ్ళతో నలిపి చూశారు. "ఇది పైన పడ్డ మేటండి. మేం దున్నింది దీనికింద ఎక్కడో ఉంటది." మట్టి వదిలేసి చెయ్యి దులుపుకున్నారు.

ఆవిడ ఏడుస్తారనుకున్నాను. సంతోషిస్తారేమోనని కూడా కొంచెం ఆశపడ్డాను. రెండూ కాదు. కొత్త ఊళ్ళో బస్సు దిగినవాళ్ళలాగ నిలబడ్డారు. ఆ నిలబడటం నాకు బాగా తెలుసు. ప్రతి బదిలీకీ నేనూ అలాగే నిలబడేవాణ్ణి.

"ఇంక మీరెళ్ళండి బాబూ," అన్నారు.

"ఒక్కరూ ఉంటారా మామ్మగారూ?"

"ఉంటానండి. రోజూ వచ్చేను గాని దీన్నెప్పుడూ పలకరించలేదు. మీరుంటే నాకు సిగ్గు."

మేమిద్దరం గట్టువైపు నడిచాం. కొంచెం దూరం వచ్చాక వెనక నుంచి ఆవిడ మాట వినిపించింది. మెల్లిగా, ఆగి ఆగి, చాలాకాలానికి కనపడ్డ వాళ్ళతో మాట్లాడుతున్నట్టు. మేకతో కాదు. ఏమంటున్నారో వినపడేంత దగ్గరలోనే ఉన్నాం. చైన్‌మన్ గారు నడక ఆపలేదు. నేనూ ఆపలేదు.